అరవై ఘడియలకు అరవై దీపాలు

ప్రశ్న: ఎనిమిది వరుసల చిన్న ఎల్ఈడీ పలకపై అంకెలు, ముళ్లు లేకుండా ఘడియలను చూపే గడియారాన్ని ప్రోగ్రామ్ చేయడం సాధ్యమేనా? – ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: సాధ్యమే, వరుసకు ఎనిమిది చొప్పున 64 దీపాలున్న పలకకు అంకెల కంటే ఇదే చక్కగా అమరుతుంది. సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం వరకు గల కాలాన్ని పంచాంగం 60 ఘడియలుగా లెక్కిస్తుంది గనుక, నాలుగు మూలలను విడిచిపెడితే ఘడియకొక దీపం సరిగ్గా సరిపోతుంది. ఏడున్నర ఘడియల జాములు పగటికి నాలుగు, రాత్రికి నాలుగు కాబట్టి, ఆ మూలలు పగలు పసుపుగా, రాత్రి నీలంగా వెలిగి జాములను తెలుపుతాయి.

గడిచిన సెకన్లను 1440తో భాగిస్తే ఘడియలు, శేషాన్ని 24తో భాగిస్తే విఘడియలు, అంటే ఘడియలో అరవయ్యో వంతులు, వస్తాయి. అసలు శ్రద్ధ సూర్యోదయం దగ్గరే అవసరం. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి చెందినది. కరీంనగర్ సుమారు 79.1, ఆదిలాబాద్ సుమారు 78.5 డిగ్రీల వద్ద ఉన్నందున, వాటి స్థానిక కాలం పావుగంట అటూఇటుగా వెనుకబడుతుంది. కాబట్టి ఊరి అక్షాంశ రేఖాంశాలతో ఏ రోజు సూర్యోదయాన్ని ఆ రోజే గణించాలి. అర్ధరాత్రి దాటాక కూడా ముందురోజు సూర్యోదయాన్నే ఆధారంగా ఉంచాలి. సూర్యోదయం రోజురోజుకు ఆలస్యమయ్యే నెలల్లో కొన్ని సెకన్లు మిగిలి, లేని అరవై ఒకటో దీపాన్ని ప్రోగ్రామ్ వెతుకుతుంది గనుక, లెక్కను అరవైయవ దీపం వద్దనే ఆపివేయాలి.

డబ్ల్యూఎస్ 2812 రకం దీపాలన్నీ పూర్తి తెలుపులో వెలిగితే దాదాపు 4 ఆంపియర్లు లాగుతాయి. కాంతిని తప్పక తగ్గించాలి. బటన్ సెల్‌తో నడిచే డీఎస్ 3231 చిప్‌ను జోడిస్తే, కరెంటు పోయినా సమయం చెదరదు.