చేతిలో కాగితం ఉన్నవాళ్లదే వారంటీ

వాడిన స్పోర్ట్స్ కారు కొనబోతూ నాకు ఫోన్ చేసే మన పిల్లలు న్యూజెర్సీలో ఎప్పుడూ ఉంటారు. చదువు పూర్తయి ఉద్యోగం కుదురుకోగానే మనసు అటే పోతుంది. "అంకుల్, బండి ఫొటోలు పంపాను, చూశారా?" అని అడుగుతారు. ఫొటోలు చూసి నేను చెప్పగలిగేది రంగు ఒక్కటే. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్లు దింపడం నేర్చుకుని ఈ దేశం వచ్చాను. ఇక్కడ ఒక సర్వీస్ సెంటర్ కౌంటర్‌లో వారంటీ క్లెయిములు రాసే పనిలో ఉండి రిటైరయ్యాను. ఏ క్లెయిము పాసవుతుందో, ఏది వెనక్కొస్తుందో చూసి చూసి తెలిసిన సంగతులు ఇవి. ఎక్కువగా మాజ్డా ఆర్ఎక్స్-8 పేరే తలుస్తాను. ఇంజిన్ బలహీనతకీ కంపెనీ ఇచ్చిన వారంటీకీ ఉండే సంబంధం ఆ బండిలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

1. ధర అడగకముందే ఇంజిన్ స్వభావం తెలుసుకోండి

ఆర్ఎక్స్-8లో పిస్టన్లు లేవు. మూడు మూలల రోటర్లు రెండు, నడుమ కాస్త నొక్కుకుపోయిన అండాకారపు గదుల్లో తిరుగుతుంటాయి. రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు మధ్యనున్న షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. రోటరీ అనే ఈ ఇంజిన్ జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన. మిగతా కంపెనీలు పట్టుకుని వదిలేసినా, 1967లో కాస్మో స్పోర్ట్ తెచ్చిన దగ్గర్నుంచి మాజ్డా దాన్ని దశాబ్దాలపాటు నిలబెట్టింది. 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మాజ్డా 787బి కూడా రోటరీ బండే. ఆర్ఎక్స్-8లోని రెనెసిస్ ఇంజిన్ 1,308 సీసీ మాత్రమే. మాన్యువల్ గేర్ల బండిలో 9,000 ఆర్‌పీఎం దాకా వణుకన్నది లేకుండా లేస్తుంది. 2003లో ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్ దీనికే ఇచ్చారు. ఆ శబ్దానికి మనసిచ్చినవాళ్లని నేనెప్పుడూ తప్పుపట్టను, నాకూ అది ఇష్టం.

ఇక బలహీనత. రోటర్ మూడు కొసల్లోనూ గది గోడని ఒరుసుకుంటూ తిరిగే సన్నటి ఎపెక్స్ సీళ్లుంటాయి, పక్కలకి సైడ్ సీళ్లుంటాయి. అవి అరిగినా, మసిపట్టి బిగుసుకుపోయినా కంప్రెషన్ పోతుంది. అరగకుండా ఉండటానికి ఒక చిన్న పంపు ఇంజిన్ ఆయిల్‌ని కొద్దికొద్దిగా మండే గదిలోకే పంపిస్తుంది. అంటే ఈ ఇంజిన్ ఆయిల్ తాగేలాగే తయారైంది. ఆటోనగర్‌లో ఆయిల్ తాగుతోందంటే బండి బోరుకొచ్చిందనే లెక్క. ఆ లెక్కతో ఈ బండిని చూస్తే మంచిదాన్ని వదిలేస్తారు, చెడ్డదాన్ని కొంటారు. 2009 నుంచి వచ్చిన రెండో విడత బండ్లలో కంపెనీయే ఒక్కో రోటర్‌కి ఆయిల్ అందించే ఏర్పాటు పెంచింది. మొదటి విడతలో అది చాలలేదని అర్థం చేసుకోవడానికి ఇంజినీరే కానక్కర్లేదు.

2. వేడి మీద సెల్ఫ్ కొట్టి చూడండి

మామూలు పిస్టన్ ఇంజిన్‌ని చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే అమ్మేవాళ్లని ఎందుకని అడగండి. రోటరీ దగ్గర దీనికి తోడు ఇంకో పరీక్ష ఉంది. బండిని ఒక ఇరవై నిమిషాలు బాగా తిప్పి, ఆపి, ఐదారు నిమిషాలు ఆగి మళ్లీ సెల్ఫ్ కొట్టండి. వేడికి ఆయిల్ పలచబడుతుంది, అరిగిన సీళ్ల పక్కనుంచి గాలి తప్పించుకుంటుంది. కంప్రెషన్ ఉన్న ఇంజిన్ వెంటనే అందుకుంటుంది. లేనిది గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, రాదు. చల్లగా ఉన్నప్పుడు చక్కగా లేచిన బండే పెట్రోలు బంకు దగ్గర ఆగిపోయి యజమానిని ఏడిపించేది ఇందుకే.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. మొదటి బండ్ల తర్వాత వచ్చిన స్టార్టర్ మోటారు పాతదానికంటే వేగంగా తిప్పుతుంది. అది బిగిస్తే అరిగిన ఇంజిన్ కూడా కొంతకాలం మారాం చేయకుండా లేస్తుంది. కాబట్టి మూడో పాఠం తప్పదు.

3. చెవిని నమ్మకండి, అంకె అడగండి

రోటరీ కంప్రెషన్ కొలవడానికి ప్రత్యేకమైన మీటరు కావాలి. ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు, రెండు రోటర్లకి కలిపి ఆరు అంకెలు రావాలి. మామూలు గేజి పెడితే మూడింటిలో బలమైన ముఖం అంకె ఒక్కటే నిలబడుతుంది, బలహీనమైనవి దాని చాటున దాక్కుంటాయి. సెల్ఫ్ 250 ఆర్‌పీఎంతో తిప్పుతున్నప్పుడు 830 కిలోపాస్కల్స్ ఉంటే కొత్త ఇంజిన్ కింద లెక్క. కనీసం 680 ఉండాలి. ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 150 మించకూడదు, రోటర్‌కీ రోటర్‌కీ మధ్య 100 మించకూడదు. వేగం తేడా వస్తే అంకెను 250కి సర్దుకుని చూడాలి.

"పోయినేడాది కంప్రెషన్ బాగుంది" అని అమ్మేవాళ్లు చెబితే ఆరు అంకెలున్న కాగితం చూపించమనండి. తేదీ, ఓడోమీటర్ రీడింగ్, సెల్ఫ్ తిరిగిన వేగం ఉండాలి. లేకపోతే మీ ఖర్చుతో మీరే చేయించండి. ఆ పరీక్షకి ఒప్పుకోని మనిషి దగ్గర బండి కొనొద్దు. బతిమాలినా కొనొద్దు.

4. అద్దానికి అంటించిన కాగితం చదవండి

అమెరికాలో డీలర్ అమ్మే దాదాపు ప్రతి పాత కారుకీ బయ్యర్స్ గైడ్ అనే కాగితం అంటించాలని ఫెడరల్ నిబంధన. "యాజ్ ఈజ్" గడిలో టిక్కు ఉంటే రేపొచ్చే రిపేరు మీదే. నోటిమాటగా ఏం చెప్పినా ఆ కాగితం మీద రాయించుకోవాలి.

న్యూజెర్సీలో పాత కార్లకీ లెమన్ చట్టం, అంటే లోపాలున్న బండి కొన్నవాళ్లని కాపాడే చట్టం ఉంది. డీలర్ దగ్గర కొన్నదై, ఏడేళ్లు దాటని మోడలై, లక్ష మైళ్లు మించకుండా ఉండి, ధర కనీసం 3,000 డాలర్లు ఉంటే వర్తిస్తుంది. డీలర్ ఇవ్వాల్సిన వారంటీ 24,000 మైళ్ల లోపు తిరిగిన బండికి 90 రోజులు లేదా 3,000 మైళ్లు, 60,000 లోపైతే 60 రోజులు లేదా 2,000 మైళ్లు, ఆ పైన 30 రోజులు లేదా 1,000 మైళ్లు. ఏది ముందొస్తే అదే గడువు. పక్కింటాయన దగ్గర కొంటే ఈ రక్షణ లేదు.

ఫైనాన్స్ గదిలో "ఎక్స్‌టెండెడ్ వారంటీ" అని అమ్మేది చాలాసార్లు సర్వీస్ కాంట్రాక్టు. మీరు డబ్బు కట్టి కొనుక్కునే ఒప్పందం అది. ఏవి ఇందులోకి రావో రాసిన పేజీని ముందు చదవండి.

5. వారంటీ దేనికో ఒక్కో భాగంగా చూసుకోండి

ఇంజిన్లు వరసగా కంప్రెషన్ పోగొట్టుకోవడంతో మాజ్డా అమెరికాలో 2004 నుంచి 2008 మోడళ్ల దాకా రోటరీ కోర్ వారంటీని 8 ఏళ్లకి, లక్ష మైళ్లకి పెంచింది. మంచి పనే చేసింది. చేతులు మారినా ఆ వారంటీ బండితోపాటే వెళ్లింది. చాలామంది అపార్థం చేసుకున్నది "కోర్" దగ్గరే. రోటర్లు, హౌసింగులు, లోపలి సీళ్లు అందులోకి వచ్చేవి. ఇగ్నిషన్ కాయిళ్లు, స్టార్టర్, క్లచ్ వచ్చేవి కావు. ఎనిమిదేళ్లు లెక్కించింది పాత బండి కొన్న రోజు నుంచి కాదు, బండి మొట్టమొదట రోడ్డెక్కిన రోజు నుంచి. ఇలాంటి వారంటీ ఉంటే ఆ తేదీని బండి గుర్తింపు నంబరు (వీఐఎన్) ఇచ్చి కనుక్కోవాలి. మోడల్ సంవత్సరాన్ని బట్టి ఊహించుకుంటే నెలలకొద్దీ తేడా వస్తుంది.

6. ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి

నేను చెప్పదలుచుకున్న వాటన్నిటిలో ముఖ్యమైనది ఇదే.

కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకునే ఒక అమ్మాయి పాత స్పోర్ట్స్ కారు కొనుక్కుంది. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. వేడెక్కాక పికప్ పడిపోయేది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళితే కౌంటర్‌లో మనిషి "జనరల్ చెకప్" అని రాసి సంతకం పెట్టమన్నాడు. ఆ అమ్మాయి పెట్టలేదు. "ఇంజిన్ వేడెక్కాక ఎత్తు ఎక్కేటప్పుడు పవర్ పోతోంది అని రాయండి" అని నిలబడింది. రాశారు. బండి చూసి, మాకేమీ కనిపించలేదని తిప్పి పంపేశారు. ఆ కాగితాన్ని కూడా అడిగి తీసుకుంది. తర్వాత ప్లగ్గులు మార్చారు, ఇంకోసారి సెన్సర్ మార్చారు. ప్రతిసారీ అదే వాక్యం, తేదీ, మైళ్లు. చివరికి ఇంజిన్ లోపలే లోపముందని తేలేసరికి వారంటీ గడువు దాటిపోయింది. గడువైపోయిందని చేతులెత్తేశారు. అప్పుడు నా దగ్గరికొచ్చింది.

ఫైలు తెరిచి చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. వారంటీ ఉండగానే చెప్పిన లోపాన్ని సరిగ్గా బాగుచేయకపోతే, ఆ తర్వాత గడువు ముగిసినా బాధ్యత కంపెనీదే. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వినియోగదార్లకి చెప్పే మాట కూడా అదే. ఆ అమ్మాయి కాగితాలన్నీ వరసగా పేర్చి, ఒక పేజీ ఉత్తరం జతచేసి, కంపెనీ కస్టమర్ విభాగానికి పంపించాం. గొడవ లేదు, అరుపుల్లేవు. ఇంజిన్ మార్చి ఇచ్చారు.

అందుకే చెబుతున్నాను. కౌంటర్ దగ్గర రోగం పేరు చెప్పకండి, లక్షణం చెప్పండి. "కాయిల్ పోయినట్టుంది" అంటే కాయిల్ మార్చి పంపిస్తారు. ఎప్పుడు, ఎంత వేడి మీద, ఏ గేరులో, ఎన్ని మైళ్లు నడిచాక అన్నది చెప్పండి. రిపేర్ ఆర్డర్ చదవకుండా సంతకం పెట్టకండి. ఏమీ దొరకలేదన్నా సరే, కాగితం లేకుండా బయటికి రాకండి. కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు శత్రువులు కారు. వాళ్ల క్లెయిము నిలబడాలన్నా మీ వాక్యమే ఆధారం.

7. ఆయిల్ రసీదులు పారేయకండి

ఇంజిన్ క్లెయిము వచ్చిందంటే కంపెనీ మొదట అడిగేది ఆయిల్ మార్చిన చరిత్ర. డీలర్ దగ్గరే మార్పించుకోవాలన్న షరతు చెల్లదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఆ స్వేచ్ఛ మీకిచ్చింది. ఇంట్లో మీరే మార్చుకోవచ్చు. కానీ మార్చినట్టు రుజువుండాలి. ఆయిల్, ఫిల్టర్ కొన్న రసీదు మీద ఆ రోజు మైళ్లు రాసి దాచండి. రోటరీ బండైతే పెట్రోలు కొట్టించిన ప్రతి రెండోసారీ డిప్‌స్టిక్ తీసి చూడాలి.

8. చిన్న భాగాన్ని వాయిదా వేస్తే పెద్దది పోతుంది

ఆర్ఎక్స్-8లో కాయిళ్లు త్వరగా బలహీనపడతాయి. కాయిల్ సరిగ్గా మండించకపోతే మండని పెట్రోలు కేటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. కన్వర్టర్ లోపల కరిగి మూసుకుపోతుంది. పొగ బయటికి పోయే దారి లేక ఆ వేడంతా ఇంజిన్ మీదే పడుతుంది, సీళ్లు దెబ్బతింటాయి. నాలుగు కాయిళ్లు, ప్లగ్గులు, వైర్లు సకాలంలో మార్చుకుంటే ఈ వరస మొదలే కాదు. కన్వర్టర్ మీద ఫెడరల్ ఉద్గారాల వారంటీ 8 ఏళ్లు లేదా 80,000 మైళ్లు ఉంటుంది. ఇప్పటి కొత్త బండ్లకీ వర్తించే సంగతిది, చాలామందికి తెలియదు. కానీ ముందు యజమాని కన్వర్టర్ పీకేసి ఖాళీ పైపు బిగించి ఉంటే ఆ హక్కు పోయినట్టే. బండి కిందికి దూరి చూడండి, లేదా చూసేవాళ్లని పెట్టుకోండి.

9. గడువులు తీరిన బండి కొనేటప్పుడు

ఆర్ఎక్స్-8 పొడిగింపు వారంటీలన్నీ ఎప్పుడో ముగిశాయి. పోర్షే బాక్స్‌టర్, 911ల్లో ఇంజిన్ లోపలుండే ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్ విషయంలో 2001-2005 నాటి కొన్ని బండ్లకి 2013లో కోర్టు పరిష్కారం కుదిరింది. దాని కాలమూ అయిపోయింది. బీఎండబ్ల్యూ ఎం3లో 2001-2003 నాటి బండ్ల కనెక్టింగ్ రాడ్ బేరింగులకిచ్చిన 6 ఏళ్లు, లక్ష మైళ్ల పొడిగింపూ అంతే. అయినా వీటిని కొనొద్దని నేననను. పాత ఫైల్లో ఆ బేరింగులో ఇంజినో మార్చినట్టు రిపేర్ ఆర్డర్ ఉందా అని చూడండి. ఇంజిన్ మార్చారని ఉంటే ఏ తేదీన, ఎన్ని మైళ్ల దగ్గర, మొదటిది ఎందుకు పోయిందో కూడా చదవండి. మొదటిదాన్ని చంపిన కాయిళ్లు, మూసుకుపోయిన కన్వర్టర్ అలాగే ఉంచి కొత్త ఇంజిన్ బిగించిన బండ్లు నేను చూశాను.

కాగితం లేకపోతే ఇంజిన్ మరమ్మతు ఖర్చు ఎంతవుతుందో ఆ పని తెలిసిన షెడ్డులో రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. బేరం ఆ మొత్తం తీసేశాక మొదలుపెట్టండి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే ఆ డబ్బు వేరే ఖాతాలో పెట్టి, చక్రాలకీ సైలెన్సర్లకీ తగలేయకుండా ఉంచండి. ఒప్పుకోకపోతే కాఫీ తాగి వచ్చేయండి. నాకు ఫోన్ చేయండి, ఇంకో బండి చూద్దాం.