దుర్గాబాయి ఇల్లు, నీ ఇల్లు

జైనూర్

బిడ్డా,

నువ్వు పంపిన వ్యాసం చదివిన. ఫోన్‌లో జవాబు చెప్తే సగం మాటలు సిగ్నల్ మింగేస్తది, అందుకే తీరుబడిగా కూర్చొని కాయితం మీద రాస్తున్న.

అమృతా షేర్‌గిల్ గురించి మంచిగా రాసినవు. 1913లో బుడాపెస్ట్‌లో పుట్టుక, సంస్కృతం చదివిన తండ్రి ఉమ్రావ్ సింగ్, పాటలు పాడే హంగరీ తల్లి, బొమ్మలు ఎట్ల గీయాలో సలహాలిచ్చిన మేనమామ, పదహారేళ్లకే పారిస్ చదువు, 28 ఏండ్లకే లాహోర్‌లో చావు, అన్నీ సరిగ్గానే ఉన్నయి. కాకపోతే వ్యాసం చివర ఒక మాట రాసినవు. అట్లాంటి ఇల్లు ఉంటేనే అట్లాంటి చిత్రకారిణి తయారైతదని, మీ ఇంట్లో బొమ్మ గీసిన మనిషి ఒక్కరు కూడా లేరని. క్లాసులో మిగతా పిల్లల ఇండ్లలో ఎవరో ఒకరు ఆర్టిస్టు ఉన్నరట, నీకు చెప్పుకోవడానికి ఎవరూ లేరట. ఆ మాట నాకు మింగుడు పడలేదు. మీ తాత కిక్రి పట్టి రాత్రంతా దేవుళ్ల కథలు పాడుతుంటే ఊరు ఊరంతా మేల్కొని విన్నది. మీ అవ్వ అలికి తీర్చిన గోడ ముందు నేనే ఎన్నోసార్లు నిలబడిపోయిన. వాళ్లను ఏ లెక్కలో వేయాలో నీకు తెలియలేదు, అంతే. అందుకే నీకు ఇంకొక చిత్రకారిణి ఇంటి సంగతి చెప్త. ఆమె మీ పర్ధాన్ల ఇంటి ఆడబిడ్డే.

ఆమె పేరు దుర్గాబాయి వ్యామ్. 1973లో మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లా బుర్బాస్‌పూర్‌లో పుట్టింది. బడి మొహం చూడలేదు. ఆరేండ్లప్పుడే నాయనమ్మ పక్కన కూర్చొని దిగ్నా వేయడం నేర్చుకుంది. దిగ్నా అంటే పెండ్లిళ్లకు, పండుగలకు అలికిన నేల మీద, గోడ మీద వేసే గీతల ముగ్గు. తెల్లమట్టి, ఎర్రమట్టి, బొగ్గు, ఆకుపసరు, ఇవే రంగులు. పదిహేనేండ్లకు సుభాష్ వ్యామ్‌తో పెండ్లయింది. ఆయన మట్టితో, కట్టెతో బొమ్మలు చేసేవాడు. ఆ తర్వాత ఇద్దరూ భోపాల్ చేరిన్రు. ఆ నాయనమ్మ నేల మీద నేర్పిన గీతలే తర్వాత కాయితం మీదికి, కాన్వాస్ మీదికి ఎక్కినయి. 2022లో దుర్గాబాయికి పద్మశ్రీ వచ్చింది.

ఆమె ఏం గీస్తదో విను. రాత్రిపూట కాపలా కాసే రాత్‌మాయి ముర్ఖురి, ఊర్లోకి దయ్యాలను రానీయని మహరాలిన్ మాత, పంటను కాచే బూఢీ మాయి, పొయ్యి ఆరిపోకుండా చూసే చూలా దేవుడు. నాయనమ్మ చెప్పిన కథల్లో ఎవరుంటే వాళ్లే బొమ్మల్లోకి వచ్చిన్రు. నువ్వు మీ తాత దగ్గర విన్న పెర్సా పేన్ దేవుని కథ, అక్కడ వాళ్లు చెప్పుకునే బడాదేవ్ కథ ఒక్క చెట్టు కొమ్మలే. అక్కడి పర్ధాన్లు వాయించే బానాకు మూడు తీగలు, ఇక్కడి కిక్రికీ మూడే. నడుమ నాగ్‌పూర్ దాటి ఎంతో దూరం ఉన్నా పనిముట్టు ఒక్కటే, పని ఒక్కటే. గోండుల వంశాలను యాదిలో పెట్టుకొని పాడి వినిపించడం పర్ధాన్ల పని. మర్లవాయిలో, గోండుల మీద పుస్తకం రాసిన హైమన్‌డార్ఫ్ దొర, ఆయన భార్య సమాధులు నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్నవు కదా. కుమ్రం భీం పోరాటం ముగిసిన మరుసటి ఏడాది, 1941లో, ఆయన ఈ అడవికి వచ్చిండు. 1948లో అచ్చేసిన పుస్తకంలో గోండుల దేవుళ్ల కథలు రాయడానికి పర్ధాన్ల నోటనే విని రాసుకున్నడు. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి మీ తాతల నోటి మాట విలువ తెలిసింది. నీకు తెలియకపోతే ఎట్ల?

దుర్గాబాయి బంధువర్గం సంగతి కూడా చెప్పాలె. సుభాష్ తోబుట్టువు నన్‌కుసియా భర్త జన్‌గఢ్ సింగ్ శ్యామ్. అతనిది పటన్‌గఢ్ అనే ఊరు. చదువు మధ్యలో ఆపి, బర్రెలు మేపి, పాలు అమ్మిన పిల్లగాడు. 1981లో భోపాల్ భారత్ భవన్ కోసం ఊరూరా తిరుగుతున్న చిత్రకారుడు జె.స్వామినాథన్ మనుషులు ఆ ఊర్లో గోడ మీద జన్‌గఢ్ వేసిన బొమ్మ చూసి అతన్ని భోపాల్ తీసుకుపోయిన్రు. 1989లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో అతని బొమ్మలు పెట్టిన్రు. అతను ఒక్కడే పైకి పోయి ఊరుకోలేదు. ఊరి నుంచి తమ్ముళ్లను, మరదళ్లను, మేనల్లుళ్లను పిలిపించి, ఇంట్లో పెట్టుకొని, కుంచె చేతికిచ్చిండు. దుర్గాబాయికి ధైర్యం చెప్పినవాళ్లలో అతనూ ఉన్నడు. ఇప్పుడు దేశమంతా గోండు బొమ్మలు అంటున్నవి ఆ ఇంట్లో నుంచి పుట్టినవే.

అదే జన్‌గఢ్ 2001లో జపాన్‌లో ఒక మ్యూజియంలో పనిచేస్తూ అక్కడే ప్రాణం తీసుకున్నడు. నలభై ఏండ్ల లోపు మనిషి. ఈ సంగతి నీకు చెప్పకుండా దాచిపెట్టను. నువ్వు కూడా రేపు ఎవరో పిలిస్తే ఎక్కడికో పోతవు. పోవాలె కూడా. పోయే ముందు ఎన్ని రోజుల పని, ఎంత డబ్బు, తిరుగు టికెట్ ఎవరి చేతిలో ఉంటది, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటది, ఈ నాలుగూ కాయితం మీద ఉండాలె. మనసు బాగలేకపోతే పని సగంలో వదిలేసి వచ్చినా ఎవ్వరూ నిన్ను ఏమీ అనరు, మీ బాపు అసలే అనడు. నీ గదిలో నీతో ఉండే పిల్లకైనా రోజూ ఒక మాట చెప్తుండు.

దుర్గాబాయి బొమ్మలు వేసిన పుస్తకాలు మీ కాలేజీ లైబ్రరీలో ఉంటే తీసుకొని చూడు. చెన్నై తారా బుక్స్ వాళ్లు వేసిన 'ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్' ఉన్నది. భజ్జు శ్యామ్, రాంసింగ్ ఉర్వేతితో కలిసి వేసింది. నల్ల కాయితం మీద చెట్లు రాత్రిపూట బతికే తీరు చూపించిన్రు. రొకేయా బేగం 1905లో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' కథకు కూడా బొమ్మలు దుర్గాబాయివే. ఆడవాళ్లు రాజ్యమేలే దేశం కథ అది, నీకు నచ్చుతది. మన కంచ ఐలయ్య పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' 2007లో వచ్చింది. కుమ్మరి, సాలె, చాకలి, మంగలి, రైతు, ఆదివాసి, వీళ్ల చేతి పనిలో ఎంత తెలివి ఉన్నదో చెప్పే పుస్తకం. ఓరుగల్లు జిల్లా గొల్లకురుమల ఇంట్లో పుట్టిన మనిషి మాటకు మండ్లా పర్ధాన్ ఆడబిడ్డ బొమ్మ తోడైంది. మా బడిలో ఆ పుస్తకం ఒక్కటి ఉన్నా చాలు అని ఎన్నిసార్లు అనుకున్ననో.

అన్నిటికన్నా 'భీమాయణ' మీద ఎక్కువసేపు కూర్చో. అంబేడ్కర్ జీవితం, 2011లో వచ్చింది, దుర్గాబాయి, సుభాష్ ఇద్దరూ కలిసి గీసిన్రు. బొమ్మల కథల పుస్తకం అంటే పేజీని డబ్బాలు డబ్బాలుగా కోస్తరు కదా, వీళ్లు కోయలేదు. దిగ్నా గీతనే పేజీ నడుమ వంకరగా పారించి ఒక ఘట్టం నుంచి ఇంకో ఘట్టాన్ని విడదీసిన్రు. మాటలు రాసే బుడగలు చూడు. మెత్తటి మాట పిట్ట ఆకారంలో ఉంటది. కులం పేరుతో తిట్టే మాటకు తేలు కొండి ఉంటది. చదువు రాని పిల్లగానికి కూడా ఏ మాట ఎట్ల కుడుతదో తెలిసిపోతది. బడికి పోని మనిషికి ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? నాయనమ్మ దగ్గర ప్రతి గీతకూ ఒక అర్థం ఉంటదని నేర్చుకున్నది కాబట్టి వచ్చింది.

ఇప్పుడు నీ బొమ్మల మాట. దసరాకు నువ్వు తెచ్చిన జింక బొమ్మ చక్కగా ఉన్నది, ఎవరైనా డబ్బులిచ్చి కొంటరు. నిరుడు నాలుగైదు అమ్మినవని మీ అమ్మ చెప్పింది, సంతోషం. కానీ ఆ జింక లోపల నింపిన చుక్కలు జన్‌గఢ్‌వి. ఫోన్‌లో చూసి దించినవు. అక్కడి చిత్రకారులు ఒక్కొక్కరు లోపల నింపే గీత ఒక్కో తీరుగా ఉంటది. ఒకరిది చుక్కలు, ఒకరిది పొలుసులు, ఒకరిది విత్తనాలు. సంతకం చూడకుండానే ఇది ఎవరిదో చెప్తరు. నువ్వు ఇంకొకరి సంతకం పెడుతున్నవు బిడ్డా. తెలిసి చేసినవని నేను అనను. బజారులో 'గోండు ఆర్ట్' అంటే అదే అడుగుతరు, అది గీస్తేనే కొంటరు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా మన ఆదిలాబాద్ గోండులది, పర్ధాన్లది అది కాదు. ఈ అడవికి దాని కన్ను వేరే ఉన్నది.

ఆ కన్ను ఎక్కడ ఉన్నదో నీకు చూపించాలంటే నేను మొదట మీ అవ్వ దగ్గరికే పంపిస్త. ఆమె గోడకు పేడమన్ను పూసేటప్పుడు అరచేయి ఎట్ల తిప్పుతదో చూసినవా? ఎండిన తర్వాత ఆ అర్ధచంద్రాలు ఒకదాని మీద ఒకటి చేపపొలుసు లెక్క కనిపిస్తయి. సాయంత్రం పక్క ఎండ పడ్డప్పుడే అవి తెలుస్తయి, పొద్దున చూస్తే ఉత్త మట్టి గోడ. దాని కింద జాజు పట్టీ, ఆ పట్టీ మీద వేలితో పెట్టిన తెల్ల బొట్లు. బొట్టు బొట్టుకు నడుమ దూరం కొలిచినట్టే ఉంటది, ఏ స్కేలూ లేదు. నువ్వు పెన్సిల్ పట్టక ముందు నుంచే ఆ గోడ కింద ఆడుకున్నవు. పోయి ఆమె పక్కన కూర్చొని ఒక గోడ అలుకు. బొమ్మ గీయకు, ముందు అలుకు.

తర్వాత ఇత్తడి బొమ్మలు పోసే ఉషేగాం ఓజాల దగ్గరికి పోదాం. వాళ్లు చేసే ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మట్టి ముద్ద మీద మైనం తీగను ఒకదాని పక్కన ఒకటి చుట్టుకుంటూ పోతరు. ఆ తీగే బొమ్మకు చర్మం. పైన మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి పోతది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తరు. గీత లోహం అయ్యే పని అది. నీకు బొమ్మలోపల నింపడానికి గీత కావాలంటే, ఎక్కడో పటన్‌గఢ్‌లో వెతకాల్సిన పని లేదు. ఇంకా దీపావళికి ఆడే దండారిలో గుస్సాడీల నెమలి ఈకల టోపీలు, ఒంటికి పూసిన బూడిద గీతలు ఉండనే ఉన్నయి. మర్లవాయి గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఊరంతా ఎట్ల పొంగిపోయిందో నీకు యాది ఉన్నదా? ఆయన ఇప్పుడు లేడు. ఆయన ఆట నేర్పిన పిల్లలు ఉన్నరు, వాళ్లను కూర్చోబెట్టి గీయి.

ఇంటి నుంచి వచ్చేది అంతా మేలే అని కూడా అనుకోకు. రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరున ఆర్ట్ గ్యాలరీ ఉన్నది. ఆయన 1925లో మశూచితో పోయిండు, ఇరవై ఎనిమిది కూడా నిండలేదు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే, వాళ్ల బొమ్మలూ ఆ గ్యాలరీలో ఉన్నయి. ఎంతమందికి వాళ్ల పేర్లు తెలుసు? ఇంటి మగమనిషి పెద్ద చిత్రకారుడైతే ఇంటి ఆడవాళ్లకు కుంచె అందుతది, వాళ్ల పేరు మాత్రం ఆయన పేరు వెనకకు పోతది. దుర్గాబాయి, సుభాష్ కలిసి పనిచేసినా పుస్తకం అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉంటయి. నువ్వు ఎవరితో కలిసి ఏ పని చేసినా, పెండ్లి అయినంక మొగనితో చేసినా సరే, నీ పేరు నీకు ఉండాలె. ప్రతి బొమ్మ వెనుక పేరు, తేదీ, ఊరు రాయి. జైనూర్ అని రాయి. అమ్మిన ప్రతి బొమ్మకు ఫొటో తీసి పెట్టుకో, ఎంతకు అమ్మినవో ఒక నోట్‌బుక్‌లో రాసుకో.

షేర్‌గిల్‌ను పక్కన పెట్టమని చెప్పడం లేదు. ఆమె పారిస్‌లో నేర్చుకొని, అజంతా చూసి, దక్షిణాది పల్లె మనుషులను గీసింది. ఆమె అంత దూరం తిరిగి వెతుక్కున్న మనుషుల నడుమే నువ్వు పుట్టినవు. రంగు కలపడం, మనిషి ఒంటి కొలతలు, ఆయిల్ పెయింట్ పని, మీ సార్లు చెప్పేవన్నీ శ్రద్ధగా నేర్చుకో. ఎగ్గొట్టిన క్లాసు మళ్లీ రాదు. వ్యాసం చివరి పేరా మాత్రం తీసేసి మళ్లీ రాయి. మీ తాత ఏం పాడేవాడు, మీ అవ్వ ఏ రంగు ఎక్కడ తవ్వి తెచ్చేది, ముందు వాళ్లను అడిగి రాసుకో, తర్వాత సార్‌కు ఇయ్యి. అవ్వకు చెవులు సరిగా వినిపిస్తలేవు, దగ్గరగా కూర్చొని గట్టిగా అడుగు.

దీపావళి సెలవులు ఎన్ని రోజులో తెలుసుకొని చెప్పు, దండారి రోజుల్లో ఇక్కడ ఉండేటట్టు చూసుకో. స్కాలర్‌షిప్‌కు ఆదాయం సర్టిఫికెట్ కావాలన్నవు కదా, మీ బాపు మీసేవలో దరఖాస్తు పెట్టిండు. చేతికి రాంగనే ఫొటో తీసి పంపుత.

మీ టీచరమ్మ