పోటీ పరీక్షల ప్రత్యేకం: మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు

గరివిడి నుంచి విజయనగరం కోచింగుకు రైల్లో వెళ్తూ బ్రూస్ లీ పుట్టిన ఊరు (శాన్‌ఫ్రాన్సిస్కో, 1940) బట్టీ పట్టేవాళ్లు, మన పక్క ఊరి మనిషిని మాత్రం వదిలేస్తారు.

రామమూర్తి నాయుడిది వీరఘట్టం. పాత పుస్తకాల్లో శ్రీకాకుళం జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఆప్షన్లలో రెండూ కనిపిస్తే ప్రశ్నలో ‘ప్రస్తుతం’ అన్న మాట ఉందేమో చూసుకోండి.

విజయనగరంలో సాము, కుస్తీ నేర్చి, మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, వ్యాయామ ఉపాధ్యాయుడై, ఆపైన సర్కస్ పెట్టారు. సినిమాకు ఇంకా మాటలు రాని కాలం. స్టార్‌ని చూడాలంటే జనం డేరాకే వెళ్లాలి. ఛాతీకి ఉక్కు గొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగబట్టి రొమ్ము పొంగిస్తే అది ఫట్టున తెగిపోయేది. గుండెల మీద ఏనుగును ఎక్కించుకునేవారు.

బిరుదులు: కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులస్. మరణం: 1942, ఒడిశాలోని బలంగీర్. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

బ్రూస్ లీ కోవలోనే మరో ప్రశ్న, కరాటే నుంచి వెండితెరకు వచ్చిన తెలుగు సినిమా నటుడు ఎవరని అడిగితే సుమన్: తొలి చిత్రం తమిళ ‘నీచల్ కుళం’ (1979), ‘అన్నమయ్య’ (1997)లో వేంకటేశ్వరుడు.