ఎంగిలి తాడు

ఉద్దేశం: మూగజీవుల వ్యాధులను వాటికి బాధ కలిగించకుండా ముందుగానే గుర్తించే ఒక విధానాన్ని పరిచయం చేయడం, శాస్త్రజ్ఞానానికి శ్రమజీవుల బతుకుతో గల సంబంధాన్ని గ్రహింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

మన సంస్కృతిలో వరాహానికి విచిత్రమైన స్థానమున్నది. భూమిని ఉద్ధరించిన యజ్ఞవరాహమూర్తిని పోతన భాగవతంలోని తృతీయ స్కంధం కీర్తించింది. కాకతీయ ప్రభువులు వరాహాన్ని రాజలాంఛనంగా ధరించారు. అదే జంతువు వీథిలో ఎదురైతే మాత్రం జనం ముఖం తిప్పుకుంటారు. దానిని పెంచేవారిని సైతం సమాజం ఊరి చివరనే నిలిపింది.

పోతన పేరుతో ముడివడిన బమ్మెర జనగామ జిల్లాలో ఉన్నది. 2016లో ఏర్పడిన ఆ జిల్లాలోనిదే తరిగొప్పుల మండలం. ఇటువంటి మండలంలో పది పందులను పెంచుకొనే ఒక కుటుంబాన్ని ఊహించుదాం. తెలంగాణ పల్లెలలో ఎరుకలవారు తరతరాలుగా ఈ వృత్తిని నమ్ముకొన్నారు. భూమి లేని ఇంటికి పందులే ఆస్తి. పిల్లల చదువుకైనా, పెళ్ళికైనా, ఆపదకైనా అమ్ముకొనేది వాటినే. ఆ ఆస్తిని ఒక్క వారంలో తుడిచిపెట్టగల శత్రువు అంటువ్యాధి.

పందులకు వచ్చే క్లాసికల్ స్వైన్ ఫీవరుకు టీకా ఉన్నది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవరుకు చికిత్స లేదు. ఈ వ్యాధి 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. 2022లో కేరళలోని వయనాడు జిల్లాకు చేరింది. ఇది మనుషులకు సోకదు. అయినా వ్యాధి నిర్ధారణ అయితే చుట్టూ ఒక కిలోమీటరు పరిధిలోని పందులన్నింటినీ వధించవలసి వస్తుంది. 2019 పశుగణన నాటికి దేశంలోని పందుల సంఖ్య 90.6 లక్షలు, 2012తో పోలిస్తే అది సుమారు 12 శాతం తక్కువ. కనుక వ్యాధిని ఎంత ముందుగా పసిగడితే అంత నష్టం తప్పుతుంది.

పసిగట్టడమే కష్టం. పంది రక్తనాళాలు దళసరి చర్మం, కొవ్వుపొర కింద లోతుగా ఉంటాయి. రక్తం తీయాలంటే పై దవడకు ఉచ్చు వేసి, ఇద్దరు ముగ్గురు గట్టిగా పట్టుకోవాలి. పంది బెదిరి అరుస్తుంది, పెనుగులాడుతుంది. చూడి పందికి ఈ పెనుగులాట మంచిది కాదు. అందువల్ల పెంపకందారులు పరీక్షకు వెనుకాడుతారు. ఆ జాప్యంలోనే వ్యాధి పాకిపోతుంది.

ఈ చిక్కును విప్పినది ఒక నూలుతాడు. పందికి దేనినైనా నమిలి చూసే స్వభావమున్నది. దొడ్డిలో వాటి భుజాల ఎత్తున శుభ్రమైన నూలుతాడును వేలాడదీస్తే అవి కుతూహలంతో చేరి నములుతాయి. ఇరవై, ముప్పై నిమిషాలలో తాడు లాలాజలంతో తడుస్తుంది. దానిని ప్లాస్టిక్ సంచిలో ఉంచి పిండి, వచ్చిన ద్రవాన్ని సీసాలో పోసి, చల్లగా ఉంచి ప్రయోగశాలకు పంపుతారు. సూది లేదు, ఉచ్చు లేదు, అరుపు లేదు.

లాలాజలానికి వ్యాధి సంగతి ఎట్లా తెలుస్తుంది? రక్తంలోని ప్రతిరక్షకాలలో కొంత భాగం చిగుళ్ళ సందుల నుండి నోటిలోకి ఊరుతుంది. కొన్ని వ్యాధులలో వైరసు కూడా లాలాజలంలోకి చేరుతుంది. ప్రతిరక్షకాలను ఎలీసా పరీక్ష, వైరసు జన్యుపదార్థాన్ని పి.సి.ఆర్. పరీక్ష పట్టి చూపుతాయి. పందులలో గర్భస్రావాన్ని, శ్వాసకోశ బాధను కలిగించే పి.ఆర్.ఆర్.ఎస్. అనే వ్యాధిని ఈ పద్ధతిలో గుర్తించవచ్చునని అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రకటించారు. ఆ వ్యాధి మన దేశంలో 2013లో మిజోరంలో కనిపించింది. లాలాజలంలోని కార్టిసాల్ అనే హార్మోను ద్వారా పంది అనుభవిస్తున్న ఒత్తిడిని కూడా అంచనా వేయవచ్చు.

ఈ విషయం పెంపకందారుకే పరిమితం కాదు. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు వ్యాధి ప్రబలి ఎందరో పసిపిల్లలను బలిగొన్నది. దోమల ద్వారా వ్యాపించే జపనీస్ ఎన్‌కెఫలైటిస్ వైరసు పంది శరీరంలో విస్తారంగా వృద్ధి చెందుతుంది. వ్యాధి సోకిన పందుల నోటి, ముక్కు స్రావాలలో ఈ వైరసు ఉంటుందని, దోమ లేకుండానే ఒక పంది నుండి మరొక పందికి సోకగలదని 2016లో స్విట్జర్లాండు పరిశోధకులు నిరూపించారు. పందుల ఆరోగ్యాన్ని కనిపెట్టి ఉండడమంటే పిల్లల ఆరోగ్యాన్ని కాపాడుకోవడమే.

అయితే ఈ పరీక్షకు హద్దులున్నాయి. పలు పందులు ఒకే తాడును నములుతాయి గనుక దొడ్డిలో వ్యాధి ఉన్నదని తెలుస్తుంది గాని, ఏ పందికి సోకిందో తెలియదు. జ్వరంతో మూలకు పడుకొన్న పంది తాడు దగ్గరకే రాకపోవచ్చు. మేత, పేడ అంటుకొంటే ఫలితం చెడవచ్చు. వీథులలో తిరిగే పందులకు ఈ పద్ధతి కుదరదు. అందుచేత తాడు మొదటి హెచ్చరిక మాత్రమే. ఆపై పశువైద్యుని పరిశీలన, రక్తపరీక్ష తప్పవు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవరు నిర్ధారణకు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల ఉన్నది. వరంగల్లు సమీపాన మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నది. తాడు చెప్పిన మాట అక్కడివరకు చేరాలంటే పెంపకందారు, వైద్యుడు ఒకరినొకరు నమ్మాలి. సంగతి చెబితే పందులను పోగొట్టుకొంటానన్న భయం ఉన్నంతకాలం ఏ పరీక్షా ఫలించదు. వధించిన పందులకు తగిన పరిహారం సకాలంలో అందినప్పుడే ఆ భయం తొలగుతుంది.

ఎంగిలిని మైలగా భావించే సమాజం మనది. శబరి ఎంగిలిలో భక్తిని చూసిన జాతి కూడా మనదే. తడిసిన ఆ తాడులో ఒక పేద కుటుంబపు భవిష్యత్తును చదవగలగడం నేటి శాస్త్రం నేర్పిన సంస్కారం.

పదాలు – అర్థాలు
లాంఛనం = గుర్తు, చిహ్నం
లాలాజలం = నోటిలో ఊరే నీరు
ప్రతిరక్షకాలు = వ్యాధిని ఎదిరించడానికి శరీరం తయారుచేసుకొనే పదార్థాలు
చూడి = గర్భంతో ఉన్న (పశువు)

ప్రశ్నలు
1. లాలాజలాన్ని సేకరించే విధానాన్ని వివరించండి.
2. ఈ పరీక్షకు గల పరిమితులు ఏవి?
3. పరీక్ష ఫలించడానికి పెంపకందారుకు, వైద్యునికి మధ్య నమ్మకం ఎందుకు అవసరం? చర్చించండి.