పిల్లలకు ఏం గుర్తుంటుంది?

హజ్రత్ మహ్మూద్ బిన్ రబీ (రజి) మదీనాకు చెందిన బాల సహాబీ. ఆయనకు ఐదేళ్ళ వయస్సున్నప్పుడు ఒకనాడు దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బొక్కెనలోని నీళ్ళు నోట్లోకి తీసుకుని ఆయన ముఖంపై చిమ్మారు. పెద్దవారయ్యాక కూడా ఆయన ఆ సంఘటనను మరచిపోలేదు. ఇమామ్ బుఖారీ (రహ్మ) ఈ హదీసును విద్యా ప్రకరణంలో, చిన్నపిల్లలు విన్నది ఏ వయస్సు నుండి చెల్లుతుందనే అధ్యాయం కింద చేర్చారు. చాలామంది హదీసువేత్తలు ఐదేళ్ళను కనీస వయస్సుగా పరిగణించడానికి ఇదే ఆధారం. పసివాడితో ఆడిన నీళ్ళాట ఒక శాస్త్ర నియమానికి పునాది అయిందన్నమాట!

పిల్లలకు మధుర స్మృతులు మిగల్చాలంటే ఏ ఊటీకో తీసుకెళ్ళాలని మనం అనుకుంటాం. తీసుకెళ్తే తప్పేమీ లేదు. అయితే హజ్రత్ ఉమర్ బిన్ అబీ సలమా (రజి)కు జీవితాంతం గుర్తున్నది ఒక పూట భోజనం. ఆయన దైవప్రవక్త (సఅసం) ఇంట పెరిగిన బాలుడు. తినేటప్పుడు ఆయన చేయి పళ్ళెమంతా తిరుగుతుంటే, అల్లాహ్ పేరు తలచి, కుడిచేత్తో, నీ ముందున్నది తినమని దైవప్రవక్త (సఅసం) మృదువుగా చెప్పారు. ఆనాటి నుండి తాను అలాగే తింటున్నానని ఆయనే తెలిపారు. మరి మన దస్తర్‌ఖాన్ దగ్గర ఎవరి చేతిలో వారి ఫోను!

ఎదిగిన పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి చెబితే వినరు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) బాలుడిగా ఉన్నప్పుడు, దైవప్రవక్త (సఅసం) వాహనంపై తన వెనుక కూర్చున్న ఆయనకు, అడిగితే అల్లాహ్‌నే అడగాలనే విషయాన్ని కొద్ది మాటల్లో బోధించారు. జుమాకు బైకు మీద వెనుక కూర్చుని వచ్చే మీ అబ్బాయి కూడా మీ ముఖం చూడనక్కర లేనప్పుడే మనసులో మాట చెబుతాడు. అమ్మాయిలైతే తల్లితో కలిసి పండుగకు సేమ్యాలు వేయిస్తూ చెబుతారు. ఆ సమయంలో తీర్పులు చెప్పకండి, వినండి.

నమాజు విషయంలో ఇది మరీ ముఖ్యం. ఫజ్ర్ అనగానే ఒక పిల్లవాడికి దుప్పటి లాగి తిట్టిన తిట్లు గుర్తొస్తాయి. మరొకడికి తండ్రి పక్కన కూర్చుని చేసిన వజూ, తిరిగి వస్తూ ఇద్దరూ తాగిన టీ గుర్తొస్తాయి. రేపు హాస్టల్ గదిలో అజాన్ వినబడితే వీరిద్దరిలో ఎవరు లేస్తారో మీరే ఊహించండి. దైవప్రవక్త (సఅసం) మనవరాలు ఉమామాను ఎత్తుకుని నమాజు చేయించారు. సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. మన మస్జిద్‌లలోనేమో చివరి వరుసలో పిల్లలు నవ్వితే, సలాం చెప్పీ చెప్పకముందే పెద్దల గద్దింపులు మొదలవుతాయి.

జీవనోపాధి కోసం గల్ఫ్‌లో ఉన్న మా సంగతేమిటని కరీంనగర్, కడప సోదరులు అడగవచ్చు. మార్కులెన్ని, ఫీజు కట్టారా అన్న రెండు ప్రశ్నలతోనే ఫోను పెట్టేయకండి. సెలవు రోజున ఒక చిన్న సూరా తీసుకుని ఆయతు మీరొకటి, పిల్లవాడొకటి చదవండి. వాడు తడబడితే నవ్వుతూ అందించండి. మీరు తడబడినప్పుడు వాణ్ణి సరిదిద్దనివ్వండి. నాన్నకు తాను ఆయతు అందించిన ఆ రోజు గురించి వాడు మరునాడు మక్తబ్‌లో అందరికీ చెప్పుకుంటాడు.