కప్పులను గూర్చి మేనకోడలికి

రాజమహేంద్రవరము

 

నీ ఉత్తరము చేరినది. ఇల్లు మారుచున్నావనియు, సామాను సర్దబోవగా వంటింటి అరలలో పందొమ్మిది కాఫీ కప్పులు బయటపడినవనియు, అన్నియు ఏదో ఒక ప్రయాణమునకు గురుతుగా తెచ్చుకొన్నవే యగుటచే విడుచుటకు మనసొప్పక, మోసికొనిపోవుటకు చోటు చాలక, ఏవి ఉంచుకొనవలెనో ఏవి ఇచ్చివేయవలెనో నన్నే నిర్ణయింపుమనియు వ్రాసితివి. కడపట, "మామయ్యా, నీ కప్పులలో నాకేది ఇస్తావు?" అనియు అడిగితివి. ముప్పదియైదేండ్లు విద్యుచ్ఛక్తి శాఖలో స్తంభముల వెంబడి, తీగల వెంబడి తిరిగినవానిని కప్పుల తగవునకు పెద్దమనిషిగా ఎన్నుకొంటివని మీ అత్త నవ్వినది. ఆమె నవ్వుగాక, పింగాణీతో నాకున్న పరిచయము ఆమెకు లేదు.

పింగాణీని నేను బాల్యమున ఆవకాయ జాడీగా ఎఱిగితిని. ఉద్యోగమున ఇన్సులేటరుగా ఎఱిగితిని. కప్పుగా ఎఱుగుట అన్నిటికంటె ఆలస్యముగా జరిగినది. తెల్లసుద్ద, ఫెల్‌స్పారు, పలుగురాతిపొడి, ఈ మూటిని నీటితో మర్దించి, రూపు దిద్ది, ఆరబెట్టి, బట్టీలో పండ్రెండు పదమూడు వందల డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాల్చినచో, అందు కొంత భాగము కరగి గాజువలెనై, మిగిలిన రేణువుల సందులన్నిటిని నింపివేయును. కావున దానిలో నీరింకదు. నీరింకదు గనుక తడిలోను అది విద్యుత్తును కదలనీయదు. 220 కిలోవోల్టుల లైనులో తీగను మోయుటకై టవరు చేతికి పదమూడో పదునాలుగో పింగాణీ బిళ్లలను గొలుసుగా కూర్చి వ్రేలాడదీయుదుము. ఆ బిళ్లయు, నీ బల్లమీది కప్పును అప్పచెల్లెండ్రు. ఇది నా చమత్కారము కాదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున విక్టర్ అను ఊరిలో ఇన్సులేటర్లు చేయు కంపెనీయే రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆ దేశపు నౌకాదళమునకు పిడి లేని మందపాటి కప్పులను చేసి ఇచ్చినది. యుద్ధానంతరము పిడి తగిలించుకొని ఆ కప్పులే అక్కడి చిన్న హోటళ్లలోనికి నడచివచ్చినవి.

మా అమ్మమ్మను నీవెఱుగవు. ఆమె వంటింటిలోనికి పింగాణీ కప్పును రానిచ్చెడిది కాదు. కంచైనను, ఇత్తడియైనను, వెండియైనను చింతపండుతో తోమి, నిప్పు సోకించి శుద్ధి చేసికొనవచ్చును; మట్టిపాత్ర ఒక్కసారి ఎంగిలియైనచో దానికిక శుద్ధి లేదు, పింగాణీయు మట్టియే గదా యని ఆమె సిద్ధాంతము. అందుచేత మా తాతగారి కప్పు సాసరులు వసారా కిటికీ గూటిలోనే వెలివాసము చేసెడివి. ఆయన వాటిని తానే కడుగుకొని, తానే బోర్లించుకొనెడివారు. నాకు పదేండ్ల ప్రాయమున పెద్ద తార్కికునివలె, "మరి ఆవకాయ జాడీ పింగాణీ కాదా అమ్మమ్మా?" అని అడిగితిని. ఆమె తల ఎత్తకయే, "జాడీకి ఎవడురా మూతి పెట్టేది?" అన్నది. నా తర్కము అంతటితో ముగిసినది.

మీ అత్తయు నేనును కుంభకోణమునుండి తెచ్చుకొన్న ఇత్తడి డబరా గ్లాసులను చూచినపుడెల్ల నాకా మాట జ్ఞప్తికి వచ్చుచుండును. గ్లాసు అంచును వెలుపలికి మడచుటలో రెండు యుక్తులున్నవి: పెదవి తగులకుండ ఎత్తి పోసికొనవచ్చును, ఒడలెల్ల కాలుచున్నను అంచుపట్టున వ్రేళ్లకు చోటు దొరకును. డబరాలోనికి, గ్లాసులోనికి మార్చి మార్చి పోయుటచే కాఫీ చల్లారును, నురుగు కట్టును. ఇట్టివానిని కొన్నచో లోపల కళాయి ఉన్నదో లేదో చూచి కొనుము. కాఫీలో కొంచెము ఆమ్లగుణము కలదు, వట్టి ఇత్తడికి అది సరిపడదు. కళాయి వేయువారు వీధులలో కేకవేసికొనుచు వచ్చుట మానినారు. మా గ్లాసులు ఆ కారణముననే పటమువలె గోడబల్లమీద కూర్చున్నవి.

ఇక నీ పందొమ్మిదింటి సంగతి.

ఇస్తాంబులునుండి తెచ్చిన చిన్న కప్పును ఎన్నటికిని విడువకుము. నీవు దిగిన ఇంటి యజమానురాలు పొడిని వడకట్టకయే చిన్న రాగిపాత్రలో మరగించి, నురుగు చెదరకుండ ఆ కప్పులో పోసి, మడ్డి అడుగంటువఱకు త్రాగవద్దని చేయి పట్టుకొని ఆపినదనియు, ఒక్క కప్పు కాఫీ నలభై ఏండ్ల ఋణమని తమలో సామెత యున్నదని చెప్పినదనియు వ్రాసితివి. ఆ కప్పును వారు 'ఫింజాన్' అందురని వ్రాసి, పేరు ముచ్చటగా నున్నదంటివి. ముచ్చటయే కాదు, చుట్టరికము కూడ. పార్శీలో గిన్నెకు 'పింగాన్' అని పేరు. అరబ్బులకు 'ప'కారము లేదు గనుక వారి నోట అది 'ఫింజాన్' అయినది. అటనుండి తురుష్కులకు పోయినది. అదే పార్శీ మాట దక్కనునకు దిగివచ్చి మన నోట 'పింగాణి' యైనది. నీవు వేలమైళ్లు పోయి తెచ్చుకొన్నది మన ఆవకాయ జాడీ పేరునే.

జయపురపు నీలి కప్పునకు మఱియొక గతి చెప్పెదను. దానిలో అసలు కుమ్మరి మట్టి యుండదు. పలుగురాతిపొడి, గాజుపొడి, ముల్తానీ మట్టి, వెలిగారము, జిగురు కలిపి ముద్దచేసి, అచ్చులలో ఒత్తి, తక్కువ వేడిమిలో కాల్చెదరు. క్షీణించిపోవుచున్న ఆ విద్యను గత శతాబ్దమున కృపాల్ సింగ్ శెఖావత్ వంటి చిత్రకారులు మరల నిలబెట్టిరి. కన్నులకు అంతకంటె ఇంపైన నీలము లేదు; కాని అది వేడి కాఫీ కొఱకు పుట్టినది కాదు. నేనును ఒకసారి జయపురమునుండి అట్టిదానిని తెచ్చి, ఇంజనీరునన్న గర్వముతో దుకాణదారుడు చెప్పుచున్నను వినక, ఇంటికి వచ్చిన మఱునాడే పొగలు గ్రక్కు కాఫీ పోసితిని. అడుగున నూలుపోగంత చీలిక కనబడినది. నా క్రొత్త ధోవతి కనబడకుండపోయినది. నీవు దానిలో కలములు పెట్టుకొనుము.

కలకత్తా పోవు దారిలో ఏదో స్టేషనున టీ త్రాగి, కడిగి, చేతిసంచిలో పెట్టుకొని తెచ్చిన మట్టి ముంతను తలచుకొని నవ్వుకొంటిని. 2004లో రైల్వే మంత్రిగా లాలూ ప్రసాద్ యాదవ్ గారు ముంతలను స్టేషనులలో ప్రవేశపెట్టినపుడు కుమ్మరులకు పని దొరకునని అందఱు సంతోషించిరి. ఆ సంతోషమునకు మూలము ముంత పగులుటలోనే యున్నది: త్రాగినవాడు పారవేసిననే గదా కుమ్మరి మరల చక్రము త్రిప్పును! పైగా పూత లేని మట్టి త్రాగిన దానినెల్ల పీల్చుకొనును. నీ అరలో ఇన్ని నెలలుండి బూజు పట్టియుండును. అడుగున చిల్లు పెట్టి నాలుగు ధనియాలు చల్లుము.

ఊళ్ల పేర్లు అచ్చొత్తిన కప్పులు చాల ఉన్నవంటివి. వాటి విషయమున నేను కఠినుడను. ఎక్కడనో ఒక్క కార్ఖానాలో ఒక్క అచ్చున పోసిన కప్పుపై ఒకచోట కోటయు, ఒకచోట జలపాతమును ముద్రించి అమ్మునది ఊరి జ్ఞాపకమెట్లగును? ఐనను కొట్టివేయుటకు ముందొక పని చేయుము. ఒక్కొక్క కప్పునకు ఒక్కొక్క చీటీ తీసికొని, దానిని కొన్న దినమున ఎవరితో ఏమి త్రాగితివో ఒక్క వాక్యము వ్రాసి కప్పులో వేయుము. వ్రాయుటకు తోచినదానిని చీటీతో సహా చుట్టి పెట్టెలో పెట్టుము. ఐదు నిముసములైనను కలము కదలనిచో ఆ కప్పు పనిమనిషి యింటికో, వాచ్‌మన్ గదికో పోవలెను. అక్కడ దానికి ప్రతిదినము పని దొరకును. ఇచ్చునపుడు పిడి విరిగినవానిని ఇయ్యకుము. అట్లిచ్చుట దానము కాదు, చెత్త తరలించుట.

హోటలు గదినుండి "పొరపాటున" సంచిలో పడిన కప్పొకటి ఉన్నదని చివర చిన్న అక్షరములతో వ్రాసితివి. చిన్న అక్షరములతో వ్రాయుటయే నీకు తీర్పు తెలియుననుటకు సాక్ష్యము. పోస్టులో తిరుగ పంపుము.

ఉంచుకొన్నవానిని అద్దాల బీరువాలో పెట్టకుము. పగులునన్న భయమున దాచిన కప్పు తాను వచ్చిన త్రోవను మఱచును, మనమును మఱతుము. పూట కొకదానిలో త్రాగుము. కొన్ని పగులును. పగులనిమ్ము.

ఇంతవఱకు నీవడిగినదానికి సమాధానము. నీ తుర్కీ సామెత చదివినది మొదలు నా మనసు మఱియొక కప్పు చుట్టు తిరుగుచున్నది.

1975వ సంవత్సరపు వేసవి. దిగువ సీలేరు జలవిద్యుత్కేంద్రములో తొలి యంత్రము ఇంకను తిరుగలేదు. అది మఱుసటి ఏట, 1976లో తిరిగినది. అటనుండి బయలుదేరు లైనుల పనిపై నన్ను క్రొత్తగా వేసిరి. నాతోకూడ ఒక లైన్‌మన్ ఉండెడివాడు. వయసున నాకంటె పదేండ్లు పెద్ద, పనిలో నాకు గురువు. టవరు నెక్కి బిళ్లను వ్రేలితో మీటి, మ్రోతను బట్టి బీట ఉన్నదో లేదో చెప్పగలడు. ఒకనాడు సామాను కొఱకు మన్యము దిగి మైదానమునకు వచ్చి, దారిలో ఒక పాక హోటలు కడ ఆగితిమి. నాకు బల్లమీద గాజు గ్లాసుతో కాఫీ వచ్చినది. అతనికి చూరులో గ్రుచ్చియుంచిన వేఱు గ్లాసును తీసికొమ్మని యజమాని కనుసైగ చేసెను. అతడు చూరువంక చూడనైన చూడక, పనిముట్ల సంచినుండి తన కప్పును, తెల్లని ఎనామెల్ పూతపై నీలి అంచు గల ఇనుప కప్పును, తీసి, గుమ్మము వెలుపల చాచెను. యజమాని పైనుండి ధారగా పోసెను. నేను బల్లమీద కూర్చుండియే నా కాఫీ త్రాగితిని. ఏమియు అనలేదు. అనవలసియుండెనని ఇప్పుడు వ్రాయుట సులభము.

ఆ సాయంకాలము మకాములో బెల్లము వేసి కాఫీ కాచిరి. నా గ్లాసు జీపులో ఎక్కడనో చిక్కుకొన్నది. అతడు త్రాగి, కప్పును వాగులో కడిగి, నింపి నా ముందు పెట్టెను. రెప్పపాటు కాలము నా చేయి కదలలేదు. అమ్మమ్మ వంటింటి గడప నాలో ఎంత లోతున ఉన్నదో ఆ రెప్పపాటులో నాకు తెలిసినది, అతనికిని తెలిసినది. అతడు కోపించలేదు. "ఇది మట్టి కాదు సార్, లోపలంతా ఇనుమే. కడిగితే పోద్ది," అన్నాడు. ఎవరి వంటింటి శాస్త్రమో అతనికి కంఠస్థము. త్రాగితిని. అంత చేదును బెల్లము కాఫీలో నేనెన్నడును ఎఱుగను.

లైను చార్జి చేసిన దినమున ఆ కప్పును నాకిమ్మని అడిగితిని. ఎందుకని అడుగక ఇచ్చెను. బదులుగా నా స్టీలు గ్లాసును తీసికొనెను. ఎనామెల్ అనగా ఇనుముపై కరగించి పూసిన గాజుపొడియే; ఒకచోట పెచ్చూడినచో అచ్చట ఇనుము బయటపడి త్రుప్పుపట్టును. పిడి మొదట గోరంత పెచ్చు అప్పటికే ఊడియుండెను. ఇప్పుడది రూపాయి బిళ్లంత యైనది. అంచులోపల మాత్రము పూత చెక్కుచెదరలేదు గనుక త్రాగుటకు పనికివచ్చుచున్నది.

కావున, తల్లీ, కుంభకోణపు గ్లాసులు రెండును నీవి, కళాయి వేయించుకొనుము. ఆ ఇనుప కప్పును మాత్రము ఇయ్యను. నీ సామెత లెక్కన దాని గడువు నలభై ఏండ్లే గాని, తీరి పదేండ్లు దాటినది. నేనింకను ప్రొద్దుట దానిలోనే త్రాగుచున్నాను.

ఇట్లు,
నీ మేనమామ