నచ్చని ఆసనమును అలవరచుకొనుట ఎట్లు?

జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగ దినోత్సవముగా పాటింపవలెనని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2014 డిసెంబరు 11న తీర్మానించినది. 2015 నుండి ఆ దినోత్సవము జరుగుచున్నది. ఆ ఉదయమున గ్రామ పాఠశాల ఆవరణ నిండును. కాని కొలది దినములకే అభ్యాసకులు తగ్గిపోవుట కద్దు. కారణము అడిగినచో, “నాకు వంగుట రాదు; నలుగురిలో నగుబాటు” అను సమాధానము వచ్చును.

పశ్చిమోత్తానాసనమునే తీసికొందము. కాళ్లు చాచి కూర్చుండి, ముందుకు వంగి, చేతులతో పాదములను పట్టుకొనుట దీని విధానము. తొడల వెనుక కండరములు కటి ఎముకల అడుగుభాగము నుండి మోకాలి క్రిందివరకు వ్యాపించియున్నవి. అవి బిగిసియున్నచో కటిభాగము ముందుకు ఒరగదు. గంటలకొలది కుర్చీలోగాని, ట్రాక్టరుపైగాని కూర్చుండువారికి ఈ బిగువు సాధారణము. అనగా, మనకు నచ్చని ఆసనమే తరచుగా మనము అశ్రద్ధ చేసిన అవయవమును చూపును. కావున దానిని విడువరాదు, సులభము చేసికొనవలెను.

పరగడుపున, మడచిన దుప్పటిపై కూర్చుండవలెను. మోకాళ్లను కొంచెము వంచవచ్చును. పాదములు అందనివారు కండువాను అరికాళ్లకు తగిలించి, రెండు కొనలను పట్టుకొనవలెను. శ్వాస విడుచుచు వంగి, నాలుగైదు శ్వాసల కాలము నిలిచి, మెల్లగా లేవవలెను. పాదములను తాకుట లక్ష్యము కాదు. ఆసనము స్థిరముగను, సుఖముగను ఉండవలెనని పతంజలి చెప్పియున్నాడు. ఊపిరి బిగబట్టవలసి వచ్చినచో, శక్తికి మించి వంగితిమని గ్రహింపవలెను.

అయిష్టము వేరు, నొప్పి వేరు. కండరము సాగునప్పటి బిగువు సహింపదగినది. పోటుగాని, తిమ్మిరిగాని, కాలిలోనికి ప్రాకు నొప్పిగాని కలిగినచో వెంటనే ఆపవలెను. గర్భిణులు, వెన్నుపూస బాధగలవారు, హెర్నియా గలవారు వైద్యుని సలహా లేనిదే ఈ ఆసనము వేయరాదు.

పంచాయతీ సభ్యులకు ఇందొక బాధ్యత కలదు. స్థలము చూపుట, స్త్రీలకు అనుకూలమగు వేళ నిర్ణయించుట మాత్రమే చాలవు. బాగుగా వంగగలవారినే ముందు కూర్చుండబెట్టినచో, తక్కినవారు వెనుదీయుదురు. సభ్యుడే ముందువరుసలో కూర్చుండి, మోకాళ్లు వంచి, కండువా పట్టుకొని తనకు రాని ఆసనమును నలుగురి యెదుట అభ్యసింపవలెను. అది చూచినప్పుడు వెనుక వరుసలోని వృద్ధునకు సిగ్గు తీరును. మరునాడును అతడు వచ్చును.